చేతిబ్రేకు వదులైతే

బండిని నడపటం ఒక విద్య. నడిచిన బండిని నిలిపిన చోటనే ఉంచటం మరొక విద్య. ఎడ్లబండిని ఏటవాలుగా ఉన్న చోట నిలిపిన రైతు ఎడ్లను విప్పే ముందు చక్రం కింద ఒక రాయిని అడ్డుగా పెడతాడు. దేవాసుర యుద్ధంలో దశరథుని రథచక్రపు శీల ఊడిపోగా కైకేయి తన వేలిని దాని స్థానంలో ఉంచి చక్రాన్ని కాపాడిందని తెలుగునాట కథగా చెప్పుకుంటారు. వేలెడంత శీల లేకపోతే రథమంతా నిష్ప్రయోజనమే అన్న ఎరుక ఆ కథలో ఉంది. నేటి కారులో ఆ రాయికీ, ఆ శీలకూ సాటి రాదగిన చిన్న పరికరం చేతిబ్రేకు. దీనినే హ్యాండ్ బ్రేకు అనీ, పార్కింగ్ బ్రేకు అనీ అంటారు.

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి చక్రాలకు పుట్టినిల్లు వంటిది. పూర్వం ఇదే రహదారిని 9వ నంబరుతో పిలిచేవారు. ఈ దారి వెంట సదాశివపేట దగ్గర టైర్లు తయారవుతాయి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతాయి. సంగారెడ్డికి చేరువలోని ఎద్దుమైలారంలో 1984లో ఏర్పడిన ఆయుధ కర్మాగారం సైన్యానికి ఉక్కు కవచపు యుద్ధ వాహనాలను అందిస్తూ వచ్చింది. పేరులో ఎద్దును నిలుపుకొన్న ఊరు యుద్ధ శకటాలకు నెలవు కావటం ఒక చమత్కారం. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడే నాటికే పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలు రాత్రింబవళ్ళు మేలుకొని ఉండే ప్రాంతాలు. షిఫ్టు మారే వేళ ఇక్కడి కార్లు, వ్యాన్లు, ఆటోలు, లారీలు రోడ్డు అంచున వరుసగా నిలుస్తాయి. వాటి మధ్య నుండే కార్మికులు నడిచి వెళతారు.

అటువంటి చోట రేకుల కప్పు కింద నడిచే మరమ్మతు షెడ్డుకు వచ్చిన డ్రైవరు సాధారణంగా ఒకే మాట అంటాడు: "ఉస్తాద్, హ్యాండ్ బ్రేకు ఊకె లూజయితున్నది. జర టైట్ చేసియ్యి." తొందరపాటు మెకానిక్ అయితే వెంటనే పానా అందుకొని మీట కింది నట్టును నాలుగు చుట్లు తిప్పి పంపిస్తాడు. పని తెలిసిన ఉస్తాదు అలా చేయడు. "ముందుగాల డ్రమ్ములు ఇప్పి సూడాలె సార్, తీగెది తప్పు కాదు" అంటాడు. డ్రైవరుకు ఆ మాట నచ్చదు. అయిదు నిమిషాల పనిని గంట చేస్తున్నాడని విసుగు. అయితే ఈ విషయంలో న్యాయం ఉస్తాదు పక్షానే ఉంది. అది ఎందుకో తెలియాలంటే చేతిబ్రేకు పని తీరును కొంత వివరంగా పరిశీలించాలి.

ముందుగా అది మోయవలసిన భారం ఎంతటిదో చూద్దాం. మనుషులతో సహా 1000 కిలోల బరువున్న చిన్న కారు పది అడుగులకు ఒక అడుగు దిగే వాలు మీద నిలిచి ఉన్నదనుకొందాం. దానిని కిందికి లాగే బలం సుమారు 100 కిలోలు. ఇక్కడ ఎవరూ మోసపోరు. వాలు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. మోసమంతా సమతలంగా తోచే నేలలోనే ఉంది. నూరు అడుగులకు రెండు అడుగులు మాత్రమే దిగే నేల చూపుకు చదునుగానే ఉంటుంది. కాని అక్కడ కూడా అదే కారును దాదాపు 20 కిలోల బలం కిందికి లాగుతూ ఉంటుంది. గాలి సరిగా ఉన్న టైర్లు దొర్లటానికి అంత బలం కూడా అక్కరలేదు. వాన నీరు పారిపోవటానికి ఫ్యాక్టరీ ఆవరణలలో నేలకు ఇచ్చే వాటం చాలు, నిలిపిన కారు కదలటానికి.

అలా కదిలిన బండి చప్పుడు చేయదు. ఇంజను ఆగి ఉంటుంది, హారను మోగదు, దాని ముందున్న మనిషికి హెచ్చరిక ఏదీ అందదు. 2016 జూన్ 19న అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో ఆంటన్ యెల్చిన్ అనే యువ సినీనటుడు తన ఇంటి ముందరి వాలు దారిలో కారు దిగాడు. ఆ కారే వెనక్కు జారి వచ్చి అతనిని ఇంటి గేటు వద్ద అదిమి ప్రాణం తీసింది. అప్పటికి అతని వయస్సు 27 ఏళ్ళు. ఆటోమేటిక్ గేరు కలిగిన వాహనం అది. గేరు మీట ఏ స్థానంలో ఉన్నదో స్పష్టంగా తెలియనీయని నిర్మాణం కారణంగా ఆ తరహా కార్లను అంతకు రెండు నెలల ముందే తయారీదారు వెనక్కు పిలిచి ఉంది. గేరును మాత్రమే నమ్ముకొని బండి దిగే అలవాటు ఎంత ప్రమాదకరమో ఈ ఘటన తెలుపుతుంది. 'పి' స్థానంలో బండిని పట్టి ఉంచేది గేరుపెట్టె లోపలి ఒక చిన్న కొక్కెం మాత్రమే. చేతిబ్రేకు వేసిన తరువాతనే దానిని ఉపయోగించటం సరియైన పద్ధతి.

మన చట్టం కూడా ఈ సంగతిని విస్మరించలేదు. డ్రైవరు సీటులో లైసెన్సు గల వ్యక్తి లేకుండా వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో నిలిపి ఉంచాలంటే ఇంజను ఆపి, బ్రేకు వేసి గాని, లేదా అది తనంత తాను కదలకుండా మరొక జాగ్రత్త తీసుకొని గాని ఉండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 126వ సెక్షను చెబుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 96వ నియమం ప్రకారం కారుకు ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు బ్రేకు వ్యవస్థలు ఉండాలి: ఒకటి కాలితో నొక్కేది, రెండవది నిలిపి ఉంచేది. ఆధారపడకపోవటం అన్నదే ఇక్కడ కీలకం. కాలిబ్రేకు గొట్టాలలోని ద్రవం ఒత్తిడితో పని చేస్తుంది. గొట్టం పగిలి ద్రవం కారిపోతే అది పని చేయదు. చేతిబ్రేకు ఉక్కు తీగ లాగుడుతో పని చేస్తుంది. ద్రవంతో దానికి నిమిత్తం లేదు.

ఇక నిర్మాణం. డ్రైవరు పక్కనుండే మీటను పైకి లాగినప్పుడు టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది. మీట అడుగున రంపం వంటి పళ్ళ పట్టీ, దానిలో చిక్కుకొనే కొక్కెం ఉంటాయి. చేయి తీసినా మీట వెనక్కు పోకుండా పట్టి ఉంచేది ఆ కొక్కెమే. మీట చివరనున్న బటన్ నొక్కితే కొక్కెం పళ్ళ నుండి విడిపోతుంది. మీట లాగినప్పుడు దానికి కట్టిన ఉక్కు తీగ కదులుతుంది. కదిలే తీగను కదలని తొడుగులో నడిపించి, బలాన్ని వంపుల గుండా కూడా చేరవేసే ఈ ఉపాయానికి ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ 1896లో పేటెంటు పొందాడు. సైకిలు బ్రేకు తీగ కూడా ఈ జాతిదే. కారులో రెండు వెనుక చక్రాలకు రెండు కేబుళ్ళు వెళతాయి. మీట లాగిన బలాన్ని వాటికి సరిసమానంగా పంచే ఒక పట్టీ మధ్యలో ఉంటుంది. అన్నదమ్ములకు ఆస్తి పంచిన పెద్దమనిషి వలె అది ఏ వైపునకూ మొగ్గకుండా పని చేయాలి.

చాలా చిన్న కార్లలో వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ము లోపల అర్ధచంద్రాకారపు రెండు షూలు, వాటి మీద లైనర్లు ఉంటాయి. ఈ తరహా డ్రమ్ము బ్రేకు 1902లో ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో కృషితో ప్రచారంలోకి వచ్చింది. కేబులు డ్రమ్ము లోపలి ఒక చిన్న మీటను లాగుతుంది. ఆ మీట రెండు షూలను వెలుపలికి నెట్టి డ్రమ్ముకు అదుముతుంది. కాలిబ్రేకు కూడా ఇవే షూలను నెడుతుంది, దారి మాత్రం వేరు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. వదులు రహస్యమంతా అందులోనే ఉంది. చేతి మీట మన బలాన్ని ఆరు రెట్లు పెంచుతుందనుకొందాం. అప్పుడు 20 కిలోల లాగుడు 120 కిలోలవుతుంది. డ్రమ్ము లోపలి మీట దానిని మరొక అయిదు రెట్లు పెంచుతుందనుకొందాం. ఒక పసివాడు లాగినా కారును నిలుపగల బలం ఇలా సమకూరుతుంది. అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. బలం ముప్పై రెట్లు పెరిగితే, కదలవలసిన దూరం కూడా ముప్పై రెట్లు పెరుగుతుంది. అంటే షూకు, డ్రమ్ముకు మధ్య సందు ఒక్క మిల్లీమీటరు పెరిగితే, చేతి దగ్గర మీట 30 మిల్లీమీటర్లు అదనంగా లేవాలి. నాడిని పట్టి చూసిన వైద్యుడు దేహంలోని వ్యాధిని గుర్తించినట్లు, మీట ఎత్తును బట్టి డ్రమ్ము లోపలి అరుగుదలను గుర్తించవచ్చు. నాడి వేగంగా కొట్టుకొంటున్నదని మణికట్టుకు మందు రాయటం వైద్యం కాదు కదా!

కనుక మీట వదులు కావటానికి మొదటి కారణం లైనర్ల అరుగుదల. అరిగిన మేరకు సందును పూడ్చటానికి డ్రమ్ము లోపల తనంత తాను సవరించుకొనే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది. దుమ్ము చేరినా, తుప్పు పట్టినా అది బిగుసుకుపోయి పని మానేస్తుంది. పారిశ్రామిక వాడల మట్టి దారులలో తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. కొత్త కేబులు మొదట్లో కొద్దిగా సాగటం రెండవ కారణం. కేబులు తొడుగులోకి వాన నీరు చేరి తీగ తుప్పుతో బిగుసుకుపోవటం మూడవది. దీనిలో ఒక చక్రం పట్టి, మరొకటి పట్టక పోవచ్చు. చేతిబ్రేకును ఎన్నడూ వాడక, మొదటి గేరులో బండిని వదిలిపెట్టే వారి కేబుళ్ళే త్వరగా ఇలా పాడవుతాయి. వాడకపోతే అరగదని వారి నమ్మకం. తుప్పు మాత్రం వాడని తీగనే వెదకి పట్టుకొంటుంది.

మొదటి కారణాన్ని విడిచిపెట్టి కేబులును బిగిస్తే ఏమవుతుంది? మీట ఆ రోజుకు పొట్టిగా పట్టుకొంటుంది, డ్రైవరు సంతోషంగా వెళ్ళిపోతాడు. కాని డ్రమ్ము లోపలి మీట బ్రేకు వేయని వేళ కూడా తన స్థానానికి పూర్తిగా తిరిగి పోలేక సగం లాగబడి ఉంటుంది. అది అలా ఉన్నంత కాలం తనంత తాను సవరించుకొనే ఏర్పాటు సరిగా పని చేయలేదు. ఫలితంగా షూల సందు ఇంకా పెరుగుతుంది. కాలిబ్రేకు పెడలు కూడా లోతుకు పోవటం మొదలవుతుంది. మరీ ఎక్కువగా బిగిస్తే షూలు ఎల్లవేళలా డ్రమ్మును రాసుకొంటూ ఉంటాయి. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది, వేడెక్కిన లైనరు గాజులా నున్నబడి పట్టు కోల్పోతుంది. నిలిపి ఉంచటానికి చేసిన మరమ్మతు నడిచే బండి బ్రేకునే దెబ్బ తీస్తుందన్నమాట.

సవరణకు బండిని చదునైన గట్టి నేల మీద నిలపాలి. డ్రమ్ము ఊడదీయాలంటే చేతిబ్రేకును వదలాలి, గేరును న్యూట్రల్‌లో ఉంచాలి. అంటే చేతిబ్రేకును బాగు చేసే సమయంలో బండికి చేతిబ్రేకు రక్షణ ఉండదు. అందువల్ల ముందు చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు గాని, బరువైన రాళ్ళు గాని తప్పక పెట్టాలి. వెనుక చక్రాల నట్లను చక్రం నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఆ తరువాత జాకీతో ఎత్తాలి. జాకీ ఎత్తటానికే గాని మోయటానికి కాదు. ఎత్తిన బండి కింద ఇనుప స్టాండ్లు నిలపాలి. కొందరు ఇటుకలు పేరుస్తారు. ఇటుక ఎప్పుడు చిట్లుతుందో చెప్పి చిట్లదు. కింద పడుకొన్న పని కుర్రవాని ఛాతీ మీద అప్పుడు ఉండేది కారు బరువు.

డ్రమ్ము తీసిన వెంటనే లోపలి దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదరాదు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులకు చేటు చేసే పదార్థం. కొత్త లైనర్ల దుమ్ము సైతం పీల్చదగినది కాదు. తడి గుడ్డతో తుడవటం మేలు. లైనరు మందం తయారీదారు పుస్తకంలో చెప్పిన హద్దు కంటే తగ్గితే రెండు చక్రాలకూ కొత్తవి వేయాలి. ఇక సవరణ ప్రసక్తి లేదు. లైనరు మీద నూనె మరకలుంటే చక్రపు సిలిండరు నుండి ద్రవం కారుతున్నట్లు. దానిని బాగు చేయక ముందు ఏ బిగింపూ పనికి రాదు. ఇవన్నీ సరిగా ఉంటే, తుప్పు పట్టిన సవరణ చక్రాన్ని శుభ్రం చేసి, డ్రమ్ము ఎక్కించి, చక్రాన్ని చేతితో తిప్పినప్పుడు లైనరు సన్నగా తాకీ తాకనట్లు వినిపించే వరకు షూలను దగ్గరకు తేవాలి. కాలిబ్రేకును కొన్ని సార్లు నొక్కితే షూలు మధ్యకు సర్దుకొంటాయి. మళ్ళీ తిప్పి చూడాలి. చాలా బండ్లలో ఈ దశకు వచ్చేసరికే మీట వదులు పోయి ఉంటుంది. కేబులును ముట్టవలసిన అవసరమే రాదు.

ఇంకా వదులు మిగిలి ఉంటే అప్పుడు కేబులు వంతు. కొన్ని కార్లలో సవరించే నట్టు మీట అడుగున మూత కింద ఉంటుంది, కొన్నిటిలో బండి కింద పంపకపు పట్టీ దగ్గర ఉంటుంది. లాక్ నట్టును వదులు చేసి, సవరణ నట్టును ఒక్కొక్కసారి అర చుట్టు మాత్రమే తిప్పి, మీటను లాగి టిక్కులు లెక్కించాలి. ఎన్ని టిక్కులకు పట్టాలన్నది కారును బట్టి మారుతుంది. చాలా చిన్న కార్లలో అది అయిదు నుండి ఎనిమిది వరకు ఉంటుంది. ఆ కారు పుస్తకంలో ఉన్న సంఖ్యే ప్రమాణం. రెండు టిక్కులకే బిగుసుకొనే మీటను చూసి గర్వించే డ్రైవర్లున్నారు. అది ఆరోగ్య లక్షణం కాదు. మీటను లాగినప్పుడు రెండు చక్రాలూ ఒకే తీరున బిగియాలి. పూర్తిగా వదిలినప్పుడు రెండూ చేతితో స్వేచ్ఛగా తిరగాలి. ఒకటి బిగిసి మరొకటి తిరుగుతూ ఉంటే ఆ వైపు కేబులు తొడుగులో బిగుసుకొన్నదని అర్థం, దానిని మార్చవలసిందే. చివరికి లాక్ నట్టును బిగించటం మరువరాదు. మొదటి టిక్కుకే డాష్‌బోర్డు మీది ఎర్ర దీపం వెలగాలి.

పరీక్షకు జనసంచారం లేని, మితమైన వాలు కావాలి. పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డుకు ఎక్కే వాలు అందుకు పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, మీట లాగి, కాలిని పెడలు మీద నుండి నెమ్మదిగా ఎత్తాలి; పూర్తిగా దూరం చేయకూడదు. బండి ముఖం ఎత్తు వైపు ఉన్నప్పుడు ఒకసారి, దిగువ వైపు ఉన్నప్పుడు మరొకసారి చూడాలి. డ్రమ్ములోని రెండు షూలు చక్రం తిరగబోయే దిశను బట్టి వేర్వేరు బలంతో పట్టుకొంటాయి కనుక ఒక దిక్కున నిలిచిన బండి మరొక దిక్కున జారే అవకాశం ఉంది. పరీక్ష తరువాత ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి, వెనుక చక్రాల దగ్గరకు చేయి చాపి వేడిని గమనించాలి. ఒక చక్రం మాత్రమే వేడిగా ఉంటే ఆ వైపు షూ రాసుకొంటున్నట్లు.

వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులున్న కార్లలో ఏర్పాటు కొంత భిన్నం. బటన్ నొక్కితే మోటారు బిగించే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకులకు పానాతో పని లేదు. వాటి ప్యాడ్లు మార్చాలన్నా మొదట తగిన పరికరంతో మోటారును వెనక్కు రప్పించాలి. రోడ్డు పక్క షెడ్డులో స్క్రూడ్రైవరుతో ప్రయత్నిస్తే మోటారే పాడవుతుంది.

గాలి బ్రేకులు గల నేటి లారీల తీరు దీనికి పూర్తిగా తలకిందులు. వాటిలో గట్టి స్ప్రింగు ఎప్పుడూ బ్రేకును బిగించి ఉంచాలనే చూస్తుంది. గాలి ఒత్తిడి ఆ స్ప్రింగును వెనక్కు నెట్టి బండిని కదలనిస్తుంది. గాలి పోతే బండి తనంత తానే నిలిచిపోతుంది. అయినా పాశమైలారం గేట్ల ముందు వంతు కోసం నిలిచిన లారీల చక్రాల కింద నేటికీ రాళ్ళు కనిపిస్తాయి. ఆ జాగ్రత్త మంచిదే. లారీ కదిలిన తరువాత రాయి రోడ్డు మధ్యలో మిగిలిపోవటంతోనే చిక్కంతా. రాత్రి షిఫ్టు ముగించుకొని మోటారు సైకిలు మీద వచ్చే కార్మికుడికి ఆ రాయి చివరి క్షణం వరకు కనిపించదు. ఈ సంగతి తెలిసిన కొందరు డ్రైవర్లు రాయికి బదులు చెక్క దిమ్మెను వాడతారు. దానికి తాడు కట్టి లారీ ఛాసిస్‌కు ముడి వేస్తారు. బండి బయలుదేరే ముందు క్లీనరు దానిని లాగి కొక్కేనికి తగిలిస్తాడు. ఒకవేళ మరచినా, దిమ్మె లారీ వెంటనే పోతుంది.